భర్మార్ బందూకు: నాళి కడుగుడు, నిప్పుల్ జంగు, కుందా పగులు – తెలిసినోళ్లు చెప్పండి

దేవరకొండ_దారి
లైసెన్సు ఉన్న సింగిల్ బ్యారల్ భర్మార్, అంటే మూతి నుంచి మందు నింపే బందూకు. పురాతనం కాదు, పాత టోపీదార్ (మందు అంటించే చిన్న టోపీ పెట్టి పేల్చే) నమూనాలో ఉత్తరాది కార్ఖానాల చేసింది. బ్యారల్ 36 అంగుళాలు, మూతి దగ్గర వెర్నియర్ పెడితే 18.5 మి.మీ., లోపల గీతలు లేవు, నున్నగ ఉన్నది. ఎన్నికలప్పుడు స్టేషన్ల డిపాజిట్ చేసి మూడు నెలలకు తెచ్చుకున్నది. ఇప్పుడు పరిస్థితి ఇది:
నాళిల తెల్లగుడ్డ తిప్పితే ఎర్రమట్టి రంగు వస్తున్నది. నిప్పుల్ (టోపీ పెట్టే చిన్న గొట్టం) చుట్టు జంగు (తుప్పు) గట్టి పడ్డది. ఘోడా (టోపీ మీద కొట్టే సుత్తి) లాగితే జిగటగ కదులుతున్నది. లాక్ (ఘోడాను ఆడించే యంత్రం) ప్లేటు వెనక కుందాల (కట్టె భాగంల) రెండు అంగుళాల పగులు.
ఏది ముందు, ఏది వెనక? ఏం వాడాలె, ఏం వాడొద్దు? వివరంగ చెప్పండి.

మూసీ_ఒడ్డు
నీళ్లు, నూనె తర్వాత ముచ్చట. ముందు నాళి ఖాళీనా కాదా చూడండి. భర్మార్‌కు వెనక నుంచి తెరిచి చూసే వీలు లేదు, అందుకే పాత ఇండ్లల్ల దొరికే వాటిల మందు నింపినవే చాలా ఉంటయి. తుపాకి మందు పొడిగ ఉంటే వందేండ్లకు కూడ చావదు.

చూసే తీరు: ఘోడా నిప్పుల్ మీద నుంచి లేపి సగం ఎత్తుల ఆపండి. నిప్పుల్ మీద టోపీ లేదని చూడండి. మూతి ముందల మీ తల గాని, చెయ్యి గాని, ఇంకో మనిషి గాని ఉండొద్దు. కూరే కమ్మీని (మందు కూరే కడ్డీని) మూతి నుంచి అడుగు దాక మెల్లగ జారవిడవండి, కొట్టొద్దు. మూతి అంచు కాడ కమ్మీ మీద పెన్సిల్ గీత పెట్టండి. బయటికి తీసి అదే గీతను మూతి అంచుకు ఆనించి బ్యారల్ పక్కన పరిచి కొలవండి. కమ్మీ కొన నిప్పుల్ మట్టం దాక రావాలె. మీ 36 అంగుళాల బ్యారల్‌కు ముప్పావు అంగుళం, ఎక్కువంటే అంగుళం తక్కువ రావొచ్చు. ఆ జాగ బ్రీచ్ ప్లగ్‌ది, అంటే నాళి వెనక కొసను మూసే బిరడాది. అంతకన్న తక్కువొచ్చిందంటే లోపల ఏదో ఉన్నదనే అనుకోవాలె.

ఉంటే మీరు తియ్యొద్దు. స్టేషన్‌కు చెప్పి లైసెన్సు ఉన్న ఆర్మరర్ (బందూకులు బాగుచేసేటాయన) చేతికే ఇవ్వండి. నీళ్లు పోస్తే మందు చచ్చిపోతదని చాలామంది అనుకుంటరు. తడిసినంత సేపే చస్తది, ఆరినంక మళ్ల అంటుకుంటది.

నాగర్‌కర్నూల్_లేతు
పైన చెప్పినదానికి ఒక మాట చేర్చాలె. కొన్నిట్ల అడుగున మందు గది నాళికన్న సన్నగ ఉంటది. లావు కమ్మీ ఆ గది మూతి కాడనే ఆగుతది. అప్పుడు ఖాళీ బందూకు కూడ నిండినట్టు కొలత చూపిస్తది. ఇంకా ప్రమాదం దీనికి తిరుగుడు: కొలత తక్కువొస్తే "ఇది గదే" అని మనమే సర్దిచెప్పుకుంటం. అందుకని 6 మి.మీ. ఇత్తడి కమ్మీతో ఇంకోసారి చూడాలె. ఇనుప కమ్మీ వద్దు. ఇత్తడి ఇత్తడికి, ఇత్తడి ఇనుముకు తగిలితే నిప్పురవ్వ రాదు. అడుగు తగిలినప్పుడు చప్పుడు వినండి. ఖాళీ ఉంటే టంగుమంటది. గుడ్డో, అట్టో, చర్రలో (చిన్న గుండ్లో) ఉంటే చప్పుడు మెత్తగ, మొద్దుగ వస్తది.

దేవరకొండ_దారి
రెండు కమ్మీలతోని చూసినం. లావుది, సన్నది రెండూ 35 అంగుళాల పావు దిగినయి. చప్పుడు గట్టిగనే వచ్చింది. ఖాళీ.
ఒక సంగతి మొదట రాయలే. డిపాజిట్‌కు ఇచ్చేముందు నాళిల ఆముదం పూసినం. దాని కంటే ముందు కడగలే, గుడ్డతోని తుడిచి ఊకున్నం.

పాలమూరు_పేచ్‌కస్
జవాబు మీ చివరి వాక్యంలనే ఉన్నది. కడగకుండ నూనె పూసిండ్రు, జంగు నూనె కిందనే పెరిగింది.

తుపాకి మందు కాలితే సగానికి పైగా బరువు గ్యాసు కాదు, గట్టి సరుకుగనే మిగులుతది. కొంత పొగల కలిసి బయటికి పోతది, కొంత మసిగ నాళిల అంటుకుంటది. దాంట్ల పొటాషియం కార్బొనేటు, సల్ఫేటు, సల్ఫైడు ఉంటయి. కార్బొనేటు గాలిలకెళ్లి చెమ్మ గుంజుకుంటది. టోపీ మసాలాల క్లోరేటు ఉంటే కాలినంక మిగిలేది పొటాషియం క్లోరైడు, అంటే ఉప్పుకు చుట్టమే. అందుకే మందు పోయకుండ ఉత్త టోపీ పేల్చినా నాళి కడగాల్సిందే. ఇవన్ని నీళ్లల్ల కరిగే సరుకు, నూనెల కరగయి. మసి మీద నూనె పూస్తే రెండు కలిసి తారు లెక్క అయితది. కింద ఉప్పు, మీద మూత.

ఇంక ఆముదం. మనకాడ పండే నూనె కాబట్టి బండి ఇరుసు నుంచి బందూకు దాక అన్నిటికీ అదే పోస్తం. ఇరుసుకు మంచిదే. నాళిల, లాక్‌ల నెలలకొద్ది నిలవుంటే గాలికి చిక్కబడి బంకైతది. మీ ఘోడా జిగటకు కారణం అదే అయ్యుంటది. దాన్ని తీసేతందుకు గాసునూనె పట్టుకోవద్దు, ఆముదం గాసునూనెల సరిగ కరగదు. స్పిరిట్ల కరుగుతది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గాని, పెయింట్ దుకాణంల దొరికే డీనేచర్డ్ స్పిరిట్ గాని తెచ్చుకోండి. దగ్గర దీపం, బీడీ, పొయ్యి ఏదీ ఉండొద్దు.

వరుస ఇట్ల పెట్టుకోండి. కుందాకు బ్యారల్‌ను పట్టిన అడ్డ చీల తీసి, తోక స్క్రూ విప్పి, మూతి వైపు నుంచి బ్యారల్ లేపండి. లాక్ కూడ పక్కకు తీయండి, దానికి నీళ్లు తగలొద్దు. ముందు స్పిరిట్‌తో తడిపిన గుడ్డ ముక్కలు నాలుగైదు తిప్పి ఆముదం బంక తీయండి. రెండంగుళాల చదరం ముక్కలు సరిపోతయి, పాత బనీను గుడ్డ మంచిది, పాలిస్టర్ నీళ్లు పీల్చదు.

తర్వాత బకెట్ల లీటరు గోరువెచ్చని నీళ్లు, అంట్లు తోమే లిక్విడ్ నాలుగు చుక్కలు. నిప్పుల్ ఊడితే ఊడదీసి, ఊడకపోతే అట్లనే, ఆ కొసను బకెట్ల ముంచి పెట్టండి. తడిగుడ్డ చుట్టిన కమ్మీ మూతి నుంచి దించి పైకి కిందికి ఆడిస్తే రంధ్రంలకెళ్లి నీళ్లు లోపలికి గుంజుకుంటది, మళ్ల బయటికి చిమ్ముతది. చేతిపంపు లెక్కనే. మొదటి నీళ్లు నల్లగ, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తయి, ఆ వాసన సల్ఫైడుది. నీళ్లు మార్చుకుంట మూడు, నాలుగు సార్లు. బకెట్ల నీళ్లు తేటగ ఉన్నప్పుడు సబ్బు లేని నీళ్లతో ఒకసారి కడిగి ఆపండి.

కోయిలకొండ_కోట
నీళ్లు మసలబెట్టి పోయాలె గదా? వేడికి నాళి తొందరగ ఆరుతది, జంగు పట్టదు అని పెద్దలు చెప్తరు.

పాలమూరు_పేచ్‌కస్
తొందరగ ఆరుతది, నిజం. కాని మసలే నీళ్లు తగిలిన ఉత్త ఇనుము ఆరుడు ఆరుడే పలచగ ఎర్రబడతది. తెల్లగుడ్డ పెడితే నారింజ రంగు వస్తది, మసి ఇంక పోలేదనుకొని మళ్ల కడుగుతరు, మళ్ల ఎర్రబడతది. గోరువెచ్చని నీళ్లకు ఆ తంటా తక్కువ. ఆరబెట్టే పని స్పిరిట్ చేస్తది: పొడిగుడ్డలు ఆరేడు, తర్వాత స్పిరిట్ గుడ్డ ఒకటి, అది మిగిలిన చెమ్మను పట్టుకొని ఆవిరైతది. ఎండకాలమైతే బ్యారల్ ఒక్కటే పావుగంట ఎండల పెట్టినా చాలు. కుందా మాత్రం ఎండ మొఖం చూడొద్దు.

మూసీ_ఒడ్డు
ఏ నీళ్లు అన్నది కూడ చూసుకోవాలె. నల్లగొండ జిల్లాల బోరు నీళ్లంటే అందరికి ఫ్లోరైడే యాదికొస్తది, కాని నాళికి పగ దాంట్ల ఉన్న ఉప్పుతోని. ఉడకబెట్టిన బోరు నీళ్ల గిన్నె అడుగున తెల్లపొర కట్టినట్టు నాళిల కూడ సన్నపొర నిలుస్తది, అది మళ్ల చెమ్మ పట్టుకుంటది. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లు గాని, పట్టి పెట్టుకున్న వాననీళ్లు గాని వాడండి. కనీసం ఆఖరి కడుగుడన్నా వాటితోనే కావాలె. మీ నాళి నిండ పట్టేది దాదాపు పావు లీటరే. లీటరు మంచినీళ్లతోని నాలుగు సార్లు తొలవొచ్చు.

పాలమూరు_పేచ్‌కస్
అవును, అది నేను రాయాల్సింది. ఆరినంక కుట్టుమిషను నూనె పలచగ: గుడ్డకు ఐదారు చుక్కలు, నాళంత ఒకసారి. కారేటట్టు వద్దు. ఎక్కువైతే అడుగుకు దిగి నిప్పుల్ రంధ్రం నుంచి కుందాలకు పోతది, కట్టె మెత్తబడతది. ఆ రాత్రి మూతి కిందికి చేసి, కింద కాగితం పెట్టి నిలబెట్టండి.

తెల్లారి తెల్లగుడ్డ తిప్పండి. మూడో నాడు ఇంకోసారి, వారానికి ఇంకోసారి. లేత గోధుమరంగు వస్తే కొంచెం ఉప్పు మిగిలినట్టు, మళ్ల నీళ్ల నుంచి మొదలుపెట్టాలె, నూనె నుంచి కాదు.

నాగర్‌కర్నూల్_లేతు
నిప్పుల్ సంగతి నేను చెప్త. కటింగ్ ప్లేయర్ పట్టుకోకండి. నిప్పుల్ చదరాలు పలచటి అంచువి, ఒకసారి గుండ్రంగైతే పానా పట్టదు. జంగు కరిగించే స్ప్రే మర కాడ రెండు చుక్కలు వేసి ఒక రాత్రి వదలండి. తెల్లారి ఇంకో రెండు. తర్వాత కొలతకు సరిపడే నిప్పుల్ పానా పెట్టి ముందు బిగించే వైపు వెంట్రుకంత తిప్పండి. జంగు పొర పగిలేది అక్కడనే. "టిక్" అని చిన్న చప్పుడు వస్తది. అప్పుడు విప్పే వైపు. కదలకపోతే సోల్డరింగ్ ఐరన్ మొనను నిప్పుల్ తల మీద ఐదు నిమిషాలు ఆనించి చల్లారినంక మళ్ల ప్రయత్నం చేయండి. వేడి పెట్టేముందు స్ప్రే, స్పిరిట్ పూర్తిగ తుడిచి ఆరిపోవాలె. గ్యాస్ మంట పెట్టొద్దు, బ్రీచ్ కాడి ఇనుము పదును మారుతది.

దేవరకొండ_దారి
రెండు రాత్రులు స్ప్రే వేసినం, చప్పుడొచ్చింది, ఊడింది. మర బాగనే ఉన్నది. నిప్పుల్ పైమొఖం మాత్రం అంచులు పొంగి పుట్టగొడుగు లెక్క అయింది. కొత్తది ఏ కొలత తేవాలె?

నాగర్‌కర్నూల్_లేతు
పొంగింది ఉత్త ఘోడా పడి పడి. టోపీ లేకుండ కొడితే ఘోడా గిన్నె నేరుగ నిప్పుల్‌ను దంచుతది. ఘోడా ఆడించి చూడాల్సి వస్తే బొటనవేలితో పట్టుకొని దించాలె, లేకుంటే నిప్పుల్ మీద తోలు బిళ్ల పెట్టాలె.

కొలత కండ్లతో చెప్పేది కాదు. థ్రెడ్ గేజ్ పెట్టి చూడండి. రకాలు ఒకదానికొకటి మోసం చేసేటంత దగ్గర: అమెరికా తరహా పావు అంగుళం, అంగుళానికి 28 మరలు. ఇటలీ నకళ్లకు 6 మి.మీ., మర దూరం 0.75. కొన్ని స్పెయిన్ వాటికి 6 మి.మీ., మర దూరం 1. పావు అంగుళం అంటే 6.35 మి.మీ. 6 మి.మీ. నిప్పుల్ పావు అంగుళం రంధ్రంల రెండు చుట్లు ఎక్కి పట్టినట్టే ఉంటది, కాని మర అంచులే పట్టుకుంటయి. పేలినప్పుడు అది ఎగిరొచ్చేది కొట్టినోడి మొఖం వైపే. వేలితో అడుగు దాక నున్నగ ఎక్కాలె, పానాతో చివర కొంచెమే బిగించాలె. మన దేశంల చేసిన వాటికి ఒక్కో కార్ఖానాది ఒక్కో మర. ఊడిన నిప్పుల్‌నే లైసెన్సు దుకాణానికి పట్టుకపోయి జత చూపించి తీసుకోండి. పెట్టేముందు మరకు గ్రాఫైట్ గ్రీజు పూస్తే మళ్లోసారి ఈ తిప్పలుండది.

ఊడిన రంధ్రంల నుంచి సన్న ఎల్‌ఈడీ లైటు వేసి మూతి వైపు నుంచి నాళి చూడండి, ఖాళీ అని ఇంకోసారి తేల్చుకున్నంకనే. అడుగు నాలుగైదు అంగుళాలల్ల గుంటలు ఎక్కువ ఉంటయి. నల్లచుక్కలు వేరు, గోరు పట్టేటంత గుంటలు వేరు. గుంటలుంటే ఆర్మరర్ చూసి సరే అనేదాక పేల్చొద్దు. బ్రీచ్ ప్లగ్ మాత్రం ఇంట్ల విప్పే ఆలోచన పెట్టుకోకండి.

కోయిలకొండ_కోట
బ్యారల్ పైన ఎర్ర జంగుకు ఎమెరీ కాగితం ఏ నంబరు?

నాగర్‌కర్నూల్_లేతు
ఏ నంబరూ వద్దు. ఎమెరీ జంగుతోపాటు కింద మంచి ఇనుము, పైన అచ్చు గుర్తులు, నంబరు కూడ గీకుతది. లైసెన్సుల ఉన్న నంబరు బ్యారల్ మీద చదవరాకపోతే అది వేరే కష్టం. నూనె రాసి ఒక రాత్రి వదిలి, నాలుగు సున్నాల స్టీలు ఉన్ని నూనెల ముంచి మెత్తగ రుద్దండి. గడ్డలు కట్టిన చోట పాత రాగి పైస అంచుతో గీకితే జంగు లేస్తది, ఇనుము గీసుకపోదు. చేతికి పొడి అంటే ఎర్రది తీసెయ్యాలె. అంటకుండ నున్నగ ఉన్న నలుపు గోధుమరంగు పొరను ముట్టొద్దు, అది ఇనుముకు కాపలా.

కుందా_పని
కట్టె గురించి. లాక్ వెనక పగులుకు రెండు కారణాలు: ఏండ్ల నుంచి లాక్‌ల పోసిన నూనె దిగి కట్టె మెత్తబడుడు, తోక స్క్రూ అతిగ బిగించుడు. పగుల్ల ఫెవికాల్ పోసేముందు నూనె తీయాలె, నూనె కట్టెకు ఏ జిగురూ అంటదు. నామంసుద్ద మెత్తగ దంచి స్పిరిట్‌తో దోసెపిండి లెక్క కలిపి పగులు మీద, లాక్ గూట్ల మందంగ పూయండి. ఆరుతుంటే సుద్ద పసుపుపచ్చ, తర్వాత గోధుమరంగైతది, అదంత లోపలి నూనే. దులిపి మళ్ల పూయండి. సుద్ద తెల్లగనే ఆరేదాక, నాలుగైదు సార్లు పట్టొచ్చు. తర్వాత పలచటి ఎపాక్సీ పగుల్లకు దింపి, సైకిలు ట్యూబు ముక్కతో గట్టిగ చుట్టి 24 గంటలు వదలండి. పగులు కుందా మెడ అడ్డంగ దాటిందంటే ఇంటి పని కాదు.

పైన రంగు పోయిందని వార్నిష్ కొట్టొద్దు, గరుకు కాగితం రుద్దొద్దు. చెమట మురికి సబ్బునీళ్ల గుడ్డ గట్టిగ పిండి తుడిస్తే పోతది. ఆరినంక బాయిల్డ్ అవిసె నూనె అరచేతితో రుద్ది, పావుగంటకు మిగిలింది పొడిగుడ్డతో పూర్తిగ తుడవండి. రోజుకొక పూత, మూడు పూతలు. పచ్చి అవిసె నూనె అయితే రోజులకొద్ది ఆరదు, దుమ్ము అంటుకుంటది. ఇంకో మాట మరవకండి: ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూలకు వేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటయి. విప్పి బయట పరిచి ఆరేయండి, లేదా నీళ్ల బకెట్ల వేయండి.

వాడపల్లి_సంగమం
దసరా దగ్గరికొస్తున్నది కాబట్టి ఇది కూడ. జమ్మి పూజనాడు ఆయుధాలకు పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి అద్దుతం. పూజ చేసుకోండి, కాని తడి కుంకుమ, నిమ్మరసం ఇనుము మీద రాత్రంత ఉండొద్దు. తెల్లారేసరికి బొట్టు ఆకారంల జంగు మచ్చ పడతది, అది తీసినా గుర్తు పోదు. బొట్టు కుందా మీద పెట్టండి, నిమ్మకాయ పక్కన పళ్లెంల పెట్టండి. సాయంత్రమే తడిగుడ్డ, పొడిగుడ్డ, నూనె.

ఇత్తడి బిళ్లలకు చింతపండు రుద్దే అలవాటు కూడ మానాలె. బిందె అయితే కడిగేస్తం. బందూకు మీద ఆ పులుపు బిళ్ల కిందికి దిగి స్క్రూ మెడను తింటది, కట్టెల పచ్చ చిలుము పడతది.

చట్టం_చూసి
ఇంట్లో చేసుకోదగినది ఎక్కడి దాకా అన్నది స్పష్టంగా ఉండాలి. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ కింద ఆయుధాల తయారీ, అమ్మకంతో పాటు మరమ్మతు వ్యాపారానికీ లైసెన్సు కావాలి. కడగడం, నూనె పెట్టడం యజమాని పని. లాక్ పళ్లు అరగదీయడం, బ్రీచ్ విప్పడం, వెల్డింగ్ వంటివి లైసెన్సు ఉన్న ఆర్మరర్ పని. బ్యారల్ పొట్టి చేయడం 6వ సెక్షన్‌లో విడిగా ఉంది. మూతి దగ్గర జంగు తిన్నదని రెండు అంగుళాలు కోయించడం చిన్న విషయం కాదు.

"పాతది కదా, లైసెన్సు అక్కర్లేదు" అనే మాట ఊళ్లలో బాగా వినిపిస్తుంది. 45వ సెక్షన్ మినహాయింపు ఉన్నది పాత నమూనావో, పురాతన విలువ ఉన్నవో, చెడిపోయినవో అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా పనికిరాని వాటికి మాత్రమే. పాత తరహాలో కొత్తగా చేసిన, పేలే భర్మార్‌కు అది వర్తించదు. పంట కాపలాకు ఇచ్చిన లైసెన్సు అడవిపందిని కాల్చే అనుమతి కాదు, దానికి వన్యప్రాణి చట్టం వేరుగా ఉంది.

దేవరకొండ_దారి
నాళి కడిగినం. మూడో నాటి గుడ్డ తెల్లగనే వచ్చింది. లాక్ స్పిరిట్ల తోమినంక ఘోడా నున్నగ కదులుతున్నది. కాని సగం ఎత్తుల పెట్టి ట్రిగ్గర్ మెల్లగ నొక్కితే ఘోడా జారుతున్నది. ఇది బంక వల్లనేనా? మళ్ల ఎన్నికలొస్తే డిపాజిట్‌కు ఎట్ల ఇవ్వాలె?

నాగర్‌కర్నూల్_లేతు
బంక కాదు. సగం ఎత్తుల ట్రిగ్గర్ ఎంత నొక్కినా ఘోడా పడొద్దు. పడుతున్నదంటే లోపలి పన్ను అరిగింది, లేదా గాడి అంచు విరిగింది. అదే పన్ను ఇంట్ల ఆకురాయి పెట్టి అరగదీస్తే ఇంకా తొందరగ జారుతది. ఆర్మరర్‌కు చూపించేదాక మందు, టోపీ రెండూ దాని దగ్గరికి పోవొద్దు. లాక్ బయట ఉన్నప్పుడు ఘోడా ఎక్కించి వదలకండి, ఆపేతందుకు నిప్పుల్ లేక లోపలి భాగాలు విరగొచ్చు.

పాలమూరు_పేచ్‌కస్
డిపాజిట్‌కు: కడిగి, వారం గుడ్డ పరీక్ష అయినంకనే. మూడు నెలలకు కుట్టుమిషను నూనె ఆగదు, కిందికి జారుతది. నాళిల పలచగ గ్రీజు గుడ్డ ఒకసారి తిప్పండి. బయట ఇనుముకు రాపిడి పొడి లేని కారు మైనం పూసి ఆరినంక తుడవండి. మైనం మీద చేతి చెమట పట్టదు, పది మంది చేతులు మారే చోట అదే కావాలె. మూతిల గుడ్డ కుక్కొద్దు, చెమ్మ లోపల బందీ అయితది. తోలు కవరు, స్పాంజి సంచి వద్దు. ఉతికిన నూలు గుడ్డ సంచి కుట్టించి, దాంట్ల సిలికా జెల్ 100 గ్రాముల పొట్లం వేసి ఇవ్వండి. సంచికి చీటీ కట్టండి: "నాళిల గ్రీజు ఉన్నది, ఖాళీ, నిప్పుల్ మార్చాలె, సగం ఎత్తుల ఘోడా ఆగదు". రసీదుల నంబరు బ్యారల్ మీది నంబరుతో కలిపి చూసుకోండి. తిరిగొచ్చిన రోజే కమ్మీ కొలత మళ్ల వేయండి, తర్వాత గ్రీజు గాసునూనె గుడ్డతో తీయండి, ఇది ఆముదం లెక్క స్పిరిట్ల కరగదు.

దేవరకొండ_దారి
చీటీ రాసినం. కొత్త నిప్పుల్, పన్ను రెండూ ఆర్మరర్‌కే చూపిస్తం. పాత నిప్పుల్ జతకు పట్టుకపోతున్నం.